గుమ్మం మీది పేరుకు ఏ షీటు?

మా చిన్నతనంలో పేరు బోర్డు అంటే టేకు పలకే. ఆలపల్లి అడవి పక్కన కాపురాలున్నవాళ్ళకు పలకకు కరువేమిటి? వడ్రంగి నాలుగక్షరాలు చెక్కేవాడు, చెక్కినచోట నల్లరంగు నింపేవాడు, గుమ్మానికి కొట్టి వెళ్ళేవాడు. ఇప్పుడు పలక పోయి అక్రిలిక్ వచ్చింది. సిరోంచ నుంచి భామ్రాగడ్ దాకా మన కుటుంబాలవారు దుకాణానికో, ఇంటికో, గుడి వాకిట చందాదారుల పేర్లకో దీనినే అడుగుతున్నారు. మాకు వచ్చే ఉత్తరాలలో కూడా ఈ ప్రశ్న తరచుగానే వుంటున్నది: షీటు ఎక్కడ తెప్పించాలి, ఏది తెప్పించాలి?

దుకాణాలవాళ్ళకు దీని అవసరం మరీ పెరిగింది. మహారాష్ట్రలో దుకాణం పేరు మరాఠీలో, దేవనాగరి లిపిలో వుండాలన్న నియమం పాతదే. 2022లో చట్టం సవరించి, పదిమందికన్న తక్కువ పనివాళ్ళున్న చిన్న దుకాణాలకు కూడా దానిని వర్తింపజేశారు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, వర్తకులు రెండు నెలల్లో ఈ బోర్డులు పెట్టుకోవాలని చెప్పింది. మరాఠీ అక్షరాలు తక్కిన లిపుల అక్షరాలకన్న చిన్నవిగా వుండకూడదు. మరాఠీతోపాటు తెలుగు పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు. ఈ మాట తెలియక, గొడవెందుకని తెలుగును పూర్తిగా తీసివేసినవాళ్ళను మేమెరుగుదుము. ఇంటి గుమ్మానికైతే ఆ నియమం కూడా లేదు. అక్కడ ఏ లిపి వుండాలన్నది మీ ఇష్టం.

ఇక షీటు సంగతి. చూపుకు ఒక్కటిగా కనిపించే అక్రిలిక్‌లో రెండు జాతులున్నవి. ఒకటి కాస్ట్ షీటు, అంటే పోతపోసినది. రెండు పెద్ద గాజుపలకల నడుమ జిగటగా వున్న ద్రవాన్ని పోసి, నెమ్మదిగా గట్టిపడనిస్తారు. రెండవది ఎక్స్‌ట్రూడెడ్ షీటు. గుళికలను కరిగించి, సన్నని సందులోనుంచి నెట్టి, రోలర్ల మధ్య నడిపి తీస్తారు, మన ఇళ్ళలో జంతికల గొట్టంతో రిబ్బన్ పకోడీ వత్తినట్టు. రెండవది త్వరగా తయారవుతుంది గనుక చవక. మన బంధుకోటిలోని ఒక కుర్రవాడు ఆలపల్లిలో చిన్న లేజర్ మిషను పెట్టుకొని, మొదటిసారి సరకు చూచి వచ్చి, “మామా, రెండూ అద్దం లెక్కనే వున్నయి గదా, రేటులో ఫరకు ఎందుకు?” అని మమ్మల్ని అడిగాడు. మంచి ప్రశ్నే. దాని జవాబు షీటును చూస్తే దొరకదు, చెక్కితే దొరుకుతుంది.

కాస్ట్ షీటు మీద లేజర్ పడితే ఆ చోటు మంచు పట్టినట్టు తెల్లగా, గరుకుగా అవుతుంది. అక్షరం దూరానికి కూడా కనిపిస్తుంది. ఎక్స్‌ట్రూడెడ్ షీటు మీద అదే లేజర్ పడితే ఆ చోటు కరిగి మళ్ళీ నునుపు దేలుతుంది. అక్షరం వున్నదో లేదో వెలుతురుకు ఎదురుగా పెట్టి వెతుక్కోవాలి. కోయడానికి మాత్రం ఎక్స్‌ట్రూడెడ్‌కు వంక పెట్టలేము. కొంచెం త్వరగా తెగుతుంది, మందం కూడా అంతటా ఒక్కతీరుగా వుంటుంది. అడుగు అంచున కరిగిన పదార్థం చిన్న పొక్కులాగా గడ్డకడుతుంది, దానిని గీకివేయాలి. లేజర్ కాక తిరిగే బిట్టుతో కోసే రూటరు మిషను అయితే, ఎక్స్‌ట్రూడెడ్ షీటు బిట్టుకు చుట్టుకొని అంటుకుపోతుంది. అక్కడ కూడా కాస్ట్ షీటే సుఖం.

కనుక చెక్కడానికి కాస్ట్, వట్టి కోతకు ఏదైనా సరే అని చాలామంది చెప్పి ఊరుకుంటారు. అది నిజమే కాని, తెలుగువాళ్ళకు ఇంకొక మెలిక వున్నది. మేము ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే.

మరాఠీ పేరును కోసి అంటించడం సులువు. దేవనాగరిలో మాట మొత్తానికి పైన ఒక గీత వుంటుంది. అక్షరాలన్నీ దండేనికి బట్టలు వేలాడినట్టు ఆ గీతకు వేలాడుతవి. కోస్తే దాదాపు ఒకే ముక్కగా వస్తుంది. తెలుగు అట్లా కాదు. మన అక్షరాలు ఒకదానినొకటి తాకవు. ‘ప’, ‘ష’ వంటివాటికి తలకట్టే ఒంటికి అంటక విడిగా నిలుస్తుంది. ఒత్తులు క్రింద వేరుగా వుంటవి. ‘థ’లో చుక్క వేరు. ‘అప్పయ్య’ అన్న చిన్న పేరును కోసి చూడండి, బల్ల మీద ఎన్ని ముక్కలు పడతవో. వాటిని వరసగా అంటించవలసినవాడు చాందాలోనో నాగపూరులోనో కూర్చున్న పనివాడు. తెలుగు చదవడం రాదు. తలకట్టు ఎక్కడ పెట్టాలో, ఒత్తు ఎంత దిగాలో అతనికి ఎట్లా తెలుస్తుంది? పోనీ, షీటులో అక్షరం ఆకారాన్ని తొలిచి స్టెన్సిల్‌లాగా చేద్దామంటే, సున్న చుట్టూ కోయగానే నడిమి బిళ్ళ రాలిపోయి, సున్న ఉత్త రంధ్రమై మిగులుతుంది. ఆ బిళ్ళ నిలవాలంటే సన్నని వంతెనలు విడిచిపెట్టాలి, దానితో అక్షరం అందం పోతుంది.

చెక్కడంలో ఈ బాధ లేదు. ముక్క ముక్కగా వున్న అక్షరమైనా ఒకే పలక మీద, తన చోటులో తాను పడుతుంది. అందుచేత తెలుగు పేరుకు చెక్కడమే తగిన పని, చెక్కడానికి కాస్ట్ షీటే తగిన సరకు. ధర తేడా చూచి ఎక్స్‌ట్రూడెడ్ తెచ్చుకుంటే ఆదా అయిన డబ్బు చెక్కుడులో పోతుంది. పాలరంగు, నలుపు, ఎరుపు షీట్లలో చెక్కినచోట రంగు నింపుతారు గనుక కొంత తప్పించుకోవచ్చు. తెల్లని పారదర్శకపు షీటులో మాత్రం తప్పించుకునే దారి లేదు.

అయితే దుకాణానికి వెళ్ళి అడిగితే మీ చేతికిచ్చినది కాస్ట్ షీటేనని ఎట్లా తెలుసుకోవడం? పైన కాగితం అంటించి వుంటే కాస్ట్ అనీ, సన్నని ప్లాస్టిక్ పొర వుంటే ఎక్స్‌ట్రూడెడ్ అనీ కొందరు చెబుతారు. చాలావరకు నిజమే కాని దానినే నమ్ముకోలేము. ఒక మూల చిన్న ముక్క అడిగి, మిషనులో వేసి ఒక గీత చెక్కించడం ఉత్తమం. తెల్లబడితే తీసికొనండి. ఆ వీలు లేకపోతే మందం కొలవండి. పోతపోసిన షీటు మందం అంతటా సరిగ్గా వుండదు. అంతర్జాతీయ ప్రమాణంలోనే కాస్ట్ షీటుకు 3 మిల్లీమీటర్ల మీద 0.7 మి.మీ. అటో ఇటో అనుమతి వున్నది. అంటే 2.3 నుంచి 3.7 దాకా ‘మూడు’ క్రిందికే వస్తుంది! స్క్రూ గేజీతో నాలుగు మూలల కొలిచి తేడా కనిపిస్తే, అది మోసమని దుకాణదారుతో జగడానికి దిగనక్కరలేదు. కాస్ట్ షీటు గుణమది. జోడించే గాడులు, పెట్టెలు చేసేవాళ్ళకు మాత్రం ఈ తేడా ఇబ్బందే. వాళ్ళకు ఎక్స్‌ట్రూడెడ్ మేలు.

మా వృత్తి గుమాస్తాగిరి. కొటేషన్లు, బిల్లులు చదివి చదివి కళ్ళద్దాలు వచ్చినవి. అందువల్ల మాకు ఒక అలవాటు: సరకు చూడడానికి ముందు బిల్లు చూస్తాము. ఈ రోజుల్లో జీఎస్టీ బిల్లు మీద ప్రతి సరకుకూ హెచ్‌ఎస్‌ఎన్ అంకె వేస్తారు. అసలైన అక్రిలిక్ షీటుకు ఆ అంకె 3920 51తో మొదలవుతుంది. 3920 61 అయితే అది పాలీకార్బొనేట్. 3920 30 అయితే పాలీస్టైరిన్. 3920 43, 3920 49 పీవీసీ షీట్లవి. పీవీసీ ఫోం బోర్డుకు 3921 12. బిల్లు వ్రాసేవాడు పరధ్యానంగా ఏదో ఒక అంకె వేయవచ్చు గనుక ఇదొక్కటే సాక్ష్యం కాదు. కాని అక్రిలిక్ అని అమ్మి, బిల్లులో ఇంకొకటి వేస్తే అడగడానికి మీకు ఒక ఆధారం దొరుకుతుంది. కాస్ట్, ఎక్స్‌ట్రూడెడ్ రెండింటికీ అంకె ఒక్కటే గనుక బిల్లు మీద ‘కాస్ట్’ అన్న మాట విడిగా వ్రాయించుకోండి.

ఈ అంకెలెందుకంటే, పొరపాటున పీవీసీ లేజర్ క్రింద పడితే అది పేరు బోర్డుతో పోయే నష్టం కాదు. పీవీసీలో క్లోరిన్ వున్నది. లేజర్ వేడికి అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువై లేస్తుంది. తడి తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఊపిరితిత్తులకు హాని, మిషను పట్టాలకు, అద్దాలకు తుప్పు. ఫోం బోర్డు తెల్లగా, తేలికగా, చవకగా దొరుకుతుంది గనుక కొత్తవాళ్ళ చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. మన ఆలపల్లి కుర్రవాడు ఎవరో ఇచ్చిన తెల్లని బోర్డును కోయబోతూ, వాసన ఘాటుగా రాగానే మిషను ఆపి, తలుపులు తెరిచి బయటికి వచ్చాడట. అదృష్టవంతుడు. ఆ మధ్యాహ్నం దగ్గుతూనే వున్నాడని వాళ్ళమ్మ చెప్పింది.

దీనికి ఒక పాత పరీక్ష వున్నది. రాగి తీగను పట్టకారుతో పట్టి, మంటలో ఎర్రగా కాల్చి, దానిని అనుమానపు ముక్కకు తాకించి, మళ్ళీ మంటలో పెట్టండి. మంట పచ్చగా మారితే క్లోరిన్ వున్నట్టు. ఆ సరకు లేజర్‌కు పనికిరాదు. ఆరుబయట, గాలి మీకు వ్యతిరేకదిశలో పోయేటట్టు నిలబడి చేయండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. అక్రిలిక్ అయితే చిటపటమంటూ కాలుతుంది, పొగమసి పెద్దగా రాదు, పండ్ల వాసన వంటి తియ్యని వాసన వస్తుంది. పాలీస్టైరిన్ అయితే నల్లటి మసి తీగలు తీగలుగా లేస్తుంది. దానిని నేల మీద వేస్తే రేకులాగా ఖణేలుమంటుంది కూడా. అది ఎండలో పచ్చబడి పెళుసైపోతుంది, బయటి బోర్డుకు వద్దు. పాలీకార్బొనేట్ సుత్తితో కొట్టినా పగలని గట్టి సరకే కాని లేజర్ క్రింద గోధుమరంగుకు మాడిపోతుంది.

అక్రిలిక్ పొగ కూడా పీల్చదగినది కాదు. పొగ బయటికి పోయే గొట్టం, ఫ్యాను లేకుండా ఇంట్లో మిషను నడపవద్దు. కోత జరుగుతుండగా టీ త్రాగి వద్దామని లేచిపోవద్దు. అక్రిలిక్ మండే సరకు, నిప్పు అంటుకున్న మిషన్ల కథలు చాలా వున్నవి.

మిషను ఏదన్నది కూడా షీటు ఎంపికలో చూడాలి. చవకగా వచ్చే చిన్న మిషన్లలో చాలావాటికి నీలిరంగు డయోడ్ లేజర్ వుంటుంది. ఆ వెలుగు పారదర్శకపు అక్రిలిక్‌లో నుంచి కిటికీ అద్దంలో నుంచి ఎండ పోయినట్టు పోతుంది, చిన్న గీత కూడా పడదు. ఆ మిషనువాళ్ళు నలుపు వంటి ముదురురంగు షీట్లే తెప్పించుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌కు ఈ అడ్డంకి లేదు, తెల్లదైనా నల్లదైనా కోస్తుంది. మిషను ఏదో తెలియకుండా షీటు కొనడం, కాలు కొలవకుండా చెప్పులు కొనడం వంటిది.

ఇంతకూ ఇది కొత్త పదార్థమేమీ కాదు. 1933లో జర్మనీలో ఓటో రోం కంపెనీ ప్లెక్సీగ్లాస్ పేరుతో దీనిని బజారుకు తెచ్చింది. ఇంగ్లండులో ఐసీఐ కంపెనీది పర్‌స్పెక్స్. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాలకు దీనితో కిటికీలు చేశారు. విమానం దెబ్బతిని ఆ ముక్కలు కంట్లో గుచ్చుకున్న పైలట్లకు, గాజు గుచ్చుకున్నట్టు కన్ను వాచిపోకపోవడం చూచి, హెరాల్డ్ రిడ్లీ అన్న డాక్టరు 1949లో లండనులో శుక్లం తీసిన కంటిలో ఈ పదార్థంతో చేసిన కటకం పెట్టాడు. మన పెద్దవాళ్ళు కొందరి కళ్ళలో వున్నదీ, గుమ్మం మీద వున్నదీ ఒకటే సరకన్నమాట.

సరకు తెప్పించడం దగ్గరికి వద్దాము. భామ్రాగడ్ వంటి వూళ్ళో రకరకాల షీట్లు నిలవ పెట్టి అమ్మే దుకాణాన్ని ఆశించలేము. అటు చంద్రపూర్, నాగపూర్. ఇటు గోదావరి వంతెన దాటితే తెలంగాణ వైపు వరంగల్లు, హైదరాబాదు. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడక ముందునుంచీ అన్నిటికీ చాందాకు పోయే అలవాటున్నవాళ్ళము కాబట్టి చాలామంది అటే చూస్తారు. సిరోంచవాళ్ళకు మాత్రం తెలంగాణ వైపే దగ్గర. తెలుగు చెక్కించేటట్లయితే అటు పోవడమే మేలని మా అభిప్రాయం. పనివాడు అక్షరం చదవగలడు. ఒక్క షీటు కోసం అంతదూరం పోకుండా నాలుగు కుటుంబాలవారు కలిసి తెప్పించుకుంటే దారిఖర్చు తేలికవుతుంది.

పూర్తి షీటు 8 అడుగులు 4 అడుగులు. 3 మి.మీ. మందానిది పదిన్నర కిలోల చిల్లర తూగుతుంది, 5 మి.మీ. ది పదిహేడున్నర కిలోలు దాటుతుంది. బరువు మాట ఎట్లా వున్నా, ఆ నిడివి బస్సులో ఎక్కదు. దుకాణంలోనే రెండడుగుల ముక్కలుగా కోయించి, ముక్కకూ ముక్కకూ నడుమ కాగితం పెట్టించి, మూలలకు అట్ట కట్టించి తెచ్చుకోండి. పై పొర ఊడదీయవద్దు. వానకాలానికి ముందే తెప్పించుకోవడం అన్నిటికన్న ముఖ్యం. పర్లకోట నది పొంగితే భామ్రాగడ్‌కు దారి మూసుకుంటుంది, మీ పార్సెలు ఏ ఆలపల్లిలోనో కూర్చుంటుంది. ఇది ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇంటి నేంప్లేటుకు 3 మి.మీ. చాలు. గోడకు ఎడంగా మేకుల మీద నిలబెట్టే బోర్డుకు 5 మి.మీ. తీసికొనండి. పారదర్శకపు షీటు వెనుకవైపు, అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కించి, రంగు నింపిస్తే ముందు వైపు నునుపుగా వుండి దుమ్ము పట్టదు. కాని జాగ్రత్త! తెలుగు రానివాడికి తిరగేసిన తెలుగూ తిన్నని తెలుగూ ఒకటే. రంగు నింపకముందు చూచుకోండి.

పేరును వాట్సప్‌లో మాటగా టైపు చేసి పంపకండి. చాలా మిషన్ల ప్రోగ్రాములకు తెలుగు ఒత్తులు కలపడం రాదు. ఒక కుటుంబంవారు ‘లక్ష్మయ్య’ అని పంపితే ‘లక్‌ష్‌మయ్‌య’ అని చెక్కి వచ్చింది. చేసిన దుకాణంవాడు, మీరు పంపిన అక్షరాలన్నీ వున్నవి గదా అన్నాడట. ఆయన దానిని గుమ్మానికి పెట్టలేక, పారవేయలేక, బియ్యం డబ్బా మీద మూతగా వేసికొన్నాడు. తెలుగు సరిగా వచ్చే కంప్యూటరులో టైపు చేయించి, అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ చేయించి పంపండి. గీతగా మారిన తరువాత ఏ ప్రోగ్రామూ దానిని విడదీయలేదు. ముందు కాగితం మీద అచ్చు తీయించి, ఇంట్లో తెలుగు బాగా వచ్చిన పెద్దవారికి చూపించండి. మరాఠీ బడిలో చదివిన మనుమడికి చూపించి సరిపెట్టుకోవద్దు. ఆ పిల్లవాడు తన యింటిపేరు తెలుగులో చూసేది బహుశా ఈ బోర్డు మీదనే. తప్పు పడితే తప్పే నేర్చుకుంటాడు.

బిగించడంలో ఒక్కమాట. అక్రిలిక్ ఎండకు బాగా సాగుతుంది. మీటరు పొడవు షీటు, చలికాలపు తెల్లవారుజాముకూ వేసవి మధ్యాహ్నానికీ 50 డిగ్రీల తేడా వస్తే మూడు, మూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. మర దిగేంత సరిగ్గా రంధ్రం పెట్టి గట్టిగా బిగిస్తే మొదటి వేసవికే మూల పగులుతుంది. అడుగు పలకకైతే 4 మి.మీ. మరకు 6 మి.మీ. రంధ్రం పెట్టించి, రబ్బరు వాషరు వేసి, కొంచెం వదులుగా బిగించండి. రంధ్రం అంచుకు మరీ దగ్గరగా వుండకూడదు. వెనుక ప్లైవుడ్ పెట్టవద్దు. వానకు అక్రిలిక్‌కు ఏమీ కాదు, ప్లైవుడ్ ఉబ్బి దానిని నెట్టివేస్తుంది.

తుడవడానికి సబ్బునీళ్ళు, మెత్తని పాతపంచె ముక్క. స్పిరిట్, థిన్నర్ దగ్గరికి రానీయకండి. లేజర్ కోసిన అంచులో బిగువు నిలిచి వుంటుంది. స్పిరిట్ తగిలితే అక్కడ వెంట్రుకవాసి నెర్రెలు లేస్తవి, ఎక్స్‌ట్రూడెడ్‌లో మరీ త్వరగా. దీపావళికి ఇల్లు దులిపేటప్పుడు తలుపుల రంగుకు తెచ్చిన థిన్నర్ గుడ్డతోనే బోర్డును కూడా తుడిచే పనివాళ్ళుంటారు. ముందుగా చెప్పి వుంచండి.